‘రంది’ అర్థమయ్యే మనసు చదువు ఎప్పుడు?

సైకాలజీ కోర్సులు దేశమంతటా కొత్త రూపు దిద్దుకుంటున్నాయి. తండాల మాట, మగ్గం ఇంటి బాధ, చెంచు పెంటల అనుభవం ఆ పాఠాల్లోకి రావాల్సిన సమయం ఇదే.

ఆలేరు, రాజాపేట, తుర్కపల్లి వైపు ఊళ్లలో మనసు బాగాలేని మనిషి ‘నాకు డిప్రెషన్ ఉంది’ అని చెప్పడం అరుదు. ‘రంది పట్టుకున్నది’ అంటారు. ‘ఊకె బుగులైతున్నది’ అంటారు. ‘పానం మంచిగ లేదు’, ‘గుండెల దడ’, ‘కాళ్లు చేతులు గుంజుతున్నయి’ అంటారు. ఈ మాటలన్నీ ఒకటి కావు. రంది వెనుక సాధారణంగా ఒక కారణం ఉంటుంది. తీరని అప్పో, ఎండిన బోరో, దూరమైన కొడుకో మనిషిని లోపల్లోపల తొలుస్తుంటే అది రంది. బుగులంటే భయం, ఒక్కోసారి ఎందుకో తెలియని భయం. ‘పానం’ అనే మాటలో ఒళ్లూ మనసూ రెండూ ఉన్నాయి. వాటిని విడదీసి చెప్పడం చెప్పేవారికి అలవాటు లేదు.

ఎదురుగా కూర్చున్న సైకాలజిస్టు చదివింది ఇంగ్లిష్ పుస్తకం. తెలుగులో చదివినా కుంగుబాటు, వ్యాకులత, నిస్పృహ వంటి మాటలే చదివి ఉంటారు. తెలుగు మాధ్యమ పాఠ్యపుస్తకాల కోసం 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ మొదలుకొని మన శాస్త్ర పరిభాష చాలావరకు సంస్కృతం నుంచే వచ్చింది. పరీక్ష రాయడానికి అది సరిపోతుంది. కానీ ‘పానం మంచిగ లేదు’ అన్న మాట వినగానే అది రక్తహీనతా, మనోవ్యాధా, లేక రెండూనా అని మరో నాలుగు ప్రశ్నలు అడిగే చెవి పరిభాషతో రాదు. ఆ ప్రశ్నలు అడిగేవారు లేకపోతే రోగి ఆర్‌ఎంపీ దగ్గర ఒక గ్లూకోజ్ సీసా, రెండు బలం సూదులు వేయించుకుని ఇంటికి వెళతాడు. రంది మాత్రం అలాగే ఉంటుంది.

ఎదుటి మనిషి భాష, నమ్మకాలు, బతుకు పరిస్థితులు తెలుసుకుని వైద్యం చేయగలగడాన్నే ‘సాంస్కృతిక సామర్థ్యం’ అంటున్నారు. మాట బరువుగా ఉన్నా విషయం తేలిక. మన రోగిని మనవాడిగా వినగలమా లేదా అన్నదే ప్రశ్న. దానికి జోడుగా ఇంకో ప్రశ్న ఉంది. ఆ వినే కుర్చీలో తండా బిడ్డ, చెంచు బిడ్డ, నేతన్న బిడ్డ కూర్చునే దారి ఉందా?

లెక్కలు ఏం చెబుతున్నాయి?

నిమ్హాన్స్ 2015–16లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. దేశంలో పెద్దవారిలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలింది. ఆ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. వాటిలో తెలంగాణ లేదు, ఆంధ్రప్రదేశ్ కూడా లేదు. అంటే మన మనసుల గురించి మనం తరచూ చెప్పుకునే అంకెలు మన ఊళ్లలో అడిగి తెచ్చినవి కావు.

మనల్ని చూసి రాసిన ఒక లెక్క మాత్రం కలవరపెడుతుంది. జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రకారం 2022లో దేశంలో లక్ష మందికి 12.4 ఆత్మహత్యలు జరిగితే, తెలంగాణలో 26.3 జరిగాయి. రెట్టింపు కన్నా ఎక్కువ. ఇటు దేశంలో లక్ష జనాభాకు ఉన్న మానసిక వైద్యులు 0.75 మందే. ముగ్గురైనా ఉండాలని నిపుణులు చెబుతారు. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణలో గిరిజనులు 31 లక్షలకు పైనే. వారిలో లంబాడీలదే పెద్ద సంఖ్య. ఇంట్లో మాట్లాడే లంబాడీ భాషకు సొంత లిపి లేదు, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో చోటూ లేదు. పట్నంలోని ఓపీ గదికి చేరిన తండా ఆడబిడ్డ తన బాధను మొదట తెలుగులోకి మార్చుకోవాలి. దాన్ని డాక్టర్ మళ్లీ ఇంగ్లిష్‌లోకి మార్చుకోవాలి. రెండుసార్లు మారేసరికి బాధలో ఎంత మిగులుతుందో ఊహించుకోవచ్చు.

‘ఏ కల్లు తాగుతవు?’

సంస్కృతి అనగానే పూజలు, పండుగలు గుర్తుకొస్తాయి. చికిత్స గదిలో అది అంతకన్నా పెద్ద విషయం. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లుపై ప్రభుత్వం ఉక్కుపాదం మోపినప్పుడు నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందల మంది ఉన్నట్టుండి ఆసుపత్రుల పాలయ్యారు. చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, ఫిట్స్, లేనివి కనిపించడం, పొంతన లేకుండా మాట్లాడటం వారి లక్షణాలు. చూసినవారికి అది పిచ్చిలా, గాలి సోకినట్టుగా అనిపించింది. నిజానికి కల్లులో కలిపే అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులకు ఏళ్ల తరబడి అలవాటుపడిన ఒళ్లు, అవి ఒక్కసారిగా అందకపోయేసరికి అలా తిరగబడింది.

ఇక్కడ జబ్బును పట్టిచ్చే ప్రశ్న ఏ పాశ్చాత్య పుస్తకంలోనూ ఉండదు. ‘మద్యం తాగుతారా?’ అని అడిగితే చాలామంది లేదనే చెబుతారు. వారి లెక్కలో కల్లు మద్యం కాదు. ‘ఏ కల్లు తాగుతవు పెదనాయనా, చెట్టు కల్లా, మందు కల్లా? ఎన్ని రోజులైంది ఆపి?’ అని అడగాలి. ఈ ఒక్క ప్రశ్న తెలిసిన నర్సు ప్రాణం కాపాడగలదు. తెలియకపోతే పెద్ద డిగ్రీ ఉన్నా పొరపాటు పడే ప్రమాదం ఉంది. ఆ ప్రశ్న ఊరికి తెలుసు. పాఠానికి తెలియాలి.

అప్పుల బాధ కూడా ఇలాంటిదే. ‘మీ ఆలోచన తీరు మార్చుకోండి’ అని చెప్పే చికిత్సా విధానానికి మంచి ఆధారాలున్నాయి. కానీ మూడు బోర్లు ఎండిపోయిన రైతుకో, మగ్గం మీద కష్టం నూలు ధరకే సరిపోయిన నేతకార్మికుడికో వచ్చిన దిగులు వట్టి ఆలోచనల తప్పు కాదు. ముంబయి, పుణె పనులకు వలసపోయిన కొడుకు కోసం ఎదురుచూసే పాలమూరు తల్లిదీ అంతే. చికిత్సతో పాటు అప్పు సంగతి, పింఛను సంగతి ఎక్కడ తేలుతుందో చూపగలిగిన కౌన్సెలర్‌నే వారు మళ్లీ కలుస్తారు.

పూనకం జబ్బా?

బోనాల రోజున శివసత్తి శిగమూగితే ఊరు దండం పెడుతుంది. అది జబ్బు కాదని ఇప్పుడు అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణే చెబుతోంది. ఒక సమాజం తన ఆచారంలో భాగంగా అంగీకరించిన పూనకాన్ని రోగంగా లెక్కించకూడదన్నది దాని మాట. మరోవైపు, పండుగ పోయి నెలైనా నిద్ర లేకుండా, తిండి మానేసి, ఎవరో పిలుస్తున్నారని వినిపించుకుంటూ తిరిగే పిల్లను ‘దేవత వచ్చింది’ అని వదిలేస్తే చికిత్సకు విలువైన నెలలు పోతాయి. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడుందో తెలియాలంటే జబ్బూ తెలియాలి, ఆచారమూ తెలియాలి.

ఆలేరు పక్కనే ఉన్న యాదగిరిగుట్టకు ఒంట్లో బాగాలేనివారు, మనసు చెదిరినవారు వచ్చి, ఉండి, మండల ప్రదక్షిణలు చేసే ఆనవాయితీ ఉంది. వైద్య నరసింహుడని స్వామికి పేరు. ఇక్కడికి వచ్చేవారిని మూఢనమ్మకస్తులని తీసిపారేస్తే వారు దవాఖాన గడప తొక్కరు. అలాగని మందులు మానేసి గుట్ట మీదే ఉండమనడమూ తగదు. దీనికి మధ్యదారి మన దేశంలోనే ఉంది. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న జరిగిన అగ్నిప్రమాదంలో గొలుసులతో కట్టేసిన 28 మంది మనోరోగులు కాలిపోయారు. ఆ విషాదం తర్వాత దేశం కళ్లు తెరిచింది. గుజరాత్‌లోని ఉనావా మీరా దాతార్ దర్గాలో 2008లో, తర్వాత ఏర్వాడిలో ‘దవా–దువా’ పద్ధతి మొదలైంది. ప్రార్థన చేసే చోటే డాక్టర్ ఉంటాడు. ముజావర్లే రోగిని అతని దగ్గరకు పంపుతారు. నమ్మకాన్ని వదులుకోమని ఎవరూ అడగరు, మందూ ఆగదు.

పరాయి దేశాలు నేర్చిన పాఠం

ఈ సమస్య మనదొక్కరిదే కాదు. ఆస్ట్రేలియా సైకాలజిస్టుల సంఘం 2016 సెప్టెంబరులో అక్కడి ఆదివాసులకు బహిరంగంగా క్షమాపణ చెప్పింది. వారి నమ్మకాలను గౌరవించని రోగనిర్ధారణ పద్ధతులు వాడినందుకు, వారికి తగని పరీక్షలతో వారి తెలివిని కొలిచినందుకు, వారికన్నా పరిశోధకులకే ఎక్కువ మేలు చేసిన పరిశోధనలకు ఆ క్షమాపణ. అంతకుముందే ఆదివాసీ సైకాలజిస్టులు 2008లో సొంత సంఘం పెట్టుకున్నారు. ఆస్ట్రేలియాలో సైకాలజీ పట్టా పొందిన తొలి ఆదివాసీగా పేరొందిన ప్యాట్ డడ్జన్ నాయకత్వంలో, సైకాలజీ కోర్సుల్లో ఏం మారాలో విశ్వవిద్యాలయాలకు చూపే ప్రాజెక్టు నడిచింది. పాఠంలో ఆదివాసీ జ్ఞానం ఉండాలి, తరగతిలో ఆదివాసీ విద్యార్థి నిలవాలి, బోధించేవారిలో ఆదివాసీలు ఉండాలి అన్నవి దాని లక్ష్యాలు. న్యూజిలాండ్‌లో 2003 నాటి చట్టం ప్రకారం సాంస్కృతిక సామర్థ్యానికి ప్రమాణాలు పెట్టడం వైద్య వృత్తుల మండళ్ల బాధ్యత.

ఆస్ట్రేలియా చరిత్ర వేరు, మన చరిత్ర వేరు. అయినా పోలిక పూర్తిగా లేకపోలేదు. నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల వంటి వర్గాలను పుట్టుకతోనే నేరస్థులుగా ముద్ర వేశారు. ఆ చట్టం 1952లో రద్దయింది కానీ, కాగితం, పెన్ను పట్టుకుని ప్రశ్నలడిగే మనిషిని చూస్తే కలిగే బెదురు చట్టంతో పాటు పోలేదు. నల్లమల అమ్రాబాద్ అడవుల్లోని చెంచు పెంటలకు వెళ్లే సైకాలజీ విద్యార్థి ముందు ఈ సంగతి తెలుసుకోవాలి. ‘అడిగినా చెప్పరు’ అని రాసుకునే ముందు ఎందుకు చెప్పాలో ఆలోచించాలి.

మనకు మరింత దగ్గరి పాఠం జింబాబ్వేది. అక్కడి షోనా భాషలో ‘కుఫుంగిసిసా’ అనే మాట ఉంది. ఎక్కువగా ఆలోచించడం అని అర్థం. మన రందికి చుట్టం లాంటి మాట. భారతీయ వైద్యుడు విక్రమ్ పటేల్ 1990లలో అక్కడ పనిచేసి, ఇలాంటి జనం మాటల నుంచే 14 ప్రశ్నల పట్టిక తయారుచేయడంలో ముఖ్యపాత్ర వహించారు. తర్వాత డిక్సన్ చిబాండా అనే డాక్టర్, హరారే పేటల్లోని అవ్వలకు శిక్షణ ఇచ్చి క్లినిక్ ఆవరణలో బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆ ‘స్నేహ బెంచీ’పై 573 మందితో జరిగిన పరిశోధన 2016లో వెలువడింది. ఆరు నెలల తర్వాత చూస్తే, అవ్వలతో మాట్లాడినవారిలో కుంగుబాటు లక్షణాలు 13.7 శాతం మందిలో మిగిలాయి. మామూలు వైద్యం పొందినవారిలో 49.9 శాతం మందిలో మిగిలాయి.

మన గడ్డ మీదా ఆధారం ఉంది. పశ్చిమ గోదావరి జిల్లా గిరిజన గ్రామాల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ నడిపిన ప్రాజెక్టులో ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి మనసు బాధలు గుర్తించారు. పీహెచ్‌సీ డాక్టర్లు చికిత్స చేశారు. సమస్య ఉన్నవారిలో అంతకుముందు 0.8 శాతం మందే వైద్యం కోసం వెళ్లేవారు. ఆ తర్వాత అది 12.6 శాతానికి పెరిగింది. పెద్ద డిగ్రీలు చేసిన పని కాదది. తెలిసిన మనిషి తెలిసిన మాటతో తలుపు తట్టడం వల్ల జరిగింది.

ఇప్పుడే ఎందుకు?

సైకాలజీ చదువు దేశంలో ఇప్పుడు మలుపు మీద ఉంది. క్లినికల్ సైకాలజిస్టు కావడానికి ఇన్నాళ్లూ రాచబాటగా ఉన్న ఎంఫిల్‌కు జాతీయ విద్యావిధానంతో కాలం చెల్లింది. యూజీసీ ఇచ్చిన గడువు 2025–26 ప్రవేశాల వరకే. దాని స్థానంలో కొత్త డిగ్రీ, పీజీ కోర్సులు వస్తున్నాయి. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం సైకాలజిస్టులను కూడా తన పరిధిలోకి తెచ్చింది. దాని ప్రకారం పాఠ్యప్రణాళికలు, శిక్షణ ప్రమాణాలు కొత్తగా తయారవుతున్నాయి.

ఈ మార్పులో ఒక దెబ్బ పల్లె మీద పడింది. 2025 జూలై–ఆగస్టు విద్యా సంవత్సరం నుంచి సైకాలజీని దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతుల్లో నడపకూడదని యూజీసీ ఆదేశించింది. రోగితో మాట్లాడే విద్యను ఉత్తరాల మీద నేర్పలేమన్న కారణం సరైనదే. కానీ ఇగ్నో వంటి సంస్థల్లో దూరవిద్యతో చదివినవారెవరు? ఉద్యోగం చేసుకుంటూ చదివే అంగన్‌వాడీ టీచరు, హాస్టల్ వార్డెన్, పెళ్లయ్యాక చదువు కొనసాగించిన తండా అమ్మాయి, పట్నంలో గది అద్దె కట్టలేని నేతన్న కొడుకు. తలుపు మూసినప్పుడు ఇంకో తలుపు తెరవాలి. అలా తెరవకపోతే ఈ వృత్తిలోకి వచ్చేది పట్నం పిల్లలే. మనం బాగుచేయాలనుకుంటున్న దూరం ఇంకా పెరుగుతుంది.

ఏం చేయవచ్చు?

దారులు కొత్తగా కనిపెట్టాల్సిన పనిలేదు. సంస్థలు కళ్లముందే ఉన్నాయి. ఆలేరు నుంచి హైదరాబాద్ వెళ్లే దారిలోనే బీబీనగర్ ఎయిమ్స్ ఉంది. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం ఉన్నాయి. జిల్లాల్లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం మొదలైంది. ఇవి కలిసి చేయగల పనులు నాలుగున్నాయి.

మొదటిది, మాటల పట్టిక. సైకాలజీ విద్యార్థులు తండాల్లో, పెంటల్లో, నేత వాడల్లో మనసు బాధను ఏమేమంటారో సేకరించాలి. రంది, బుగులు వంటి మాటలు పరీక్షించే ప్రశ్నపత్రాల్లోకి రావాలి. లంబాడీ భాషలోనూ వాటిని తయారుచేసి, సరిచూడాలి.

రెండోది, ఊరే తరగతి గది. పీజీ విద్యార్థి కొన్ని నెలలు పల్లె దవాఖానలో పనిచేయాలి. అక్కడ ఆశా కార్యకర్త, తండా పెద్దమనిషి, మంత్రసాని అతనికి గురువులు. గురువులకు ఇచ్చే పారితోషికం వారికీ ఇవ్వాలి. ఉచితంగా పిలిపించి ఫొటో దిగి పంపితే అది భాగస్వామ్యం అనిపించుకోదు.

మూడోది, దారి ఖర్చు. రిజర్వేషన్ సీటు ఉన్నా అక్కడిదాకా చేరే దారి లేకపోతే సీటు ఖాళీగా పోతుంది. గురుకుల డిగ్రీ కాలేజీల్లో సైకాలజీ ఉండాలి. జిల్లా కేంద్రాల్లోనే ప్రాక్టికల్ శిక్షణ కేంద్రాలు పెట్టాలి. శిక్షణ కాలానికి స్టైపెండ్ ఇవ్వాలి.

నాలుగోది, నిర్ణయించే చోట కుర్చీ. 2021 చట్టం కింద పనిచేసే రాష్ట్ర మండలిలో, పాఠాలు రాసే కమిటీల్లో గిరిజన, సంచార వర్గాల ప్రతినిధులు ఉండాలి. రాసిన తర్వాత అభిప్రాయం అడగడం కాదు, రాసేటప్పుడే పక్కన కూర్చోబెట్టుకోవాలి.

ఒక జాగ్రత్త కూడా అవసరం. ‘లంబాడీలు ఇలా ఉంటారు, చెంచులు అలా ఉంటారు’ అని బట్టీ పట్టించే పాఠం కొత్త ముద్రలు వేయడమే అవుతుంది. ఒకే తండాలో అన్నదమ్ములిద్దరి బాధ ఒకటి కాదు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013 నాటి తన పుస్తకంలో 16 ప్రశ్నల సంభాషణ ఒకటి చేర్చింది. మీ బాధను మీ ఇంటివాళ్లు ఏమంటారు, అది ఎందుకొచ్చిందనుకుంటున్నారు, ఇంతకుముందు ఎవరి దగ్గరకు వెళ్లారు వంటివి ఆ ప్రశ్నలు. ఊహించుకోకుండా అడగడమే ఇందులో అసలు విద్య.

దవాఖానకు వెళ్లేటప్పుడు

చదువులు మారేదాకా రోగం ఆగదు. అందుకే మీకూ, మీ ఇంట్లోవారికీ పనికొచ్చే కొన్ని మాటలు.

• మీ బాధను మీ మాటలోనే చెప్పండి. ‘రంది’, ‘బుగులు’ అనడానికి సిగ్గుపడక్కర్లేదు. ఎన్ని రోజులుగా ఉంది, నిద్ర, ఆకలి ఎలా ఉన్నాయో కూడా చెప్పండి.

• కల్లు తాగితే ఏ కల్లో, ఎప్పుడు ఆపారో దాచకండి. మందు కల్లును డాక్టర్ సలహా లేకుండా ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు.

• గుడికో, దర్గాకో, మంత్రం వేసేవారి దగ్గరకో వెళ్లి ఉంటే చెప్పండి. మొక్కు తీర్చుకోండి, మందు మాత్రం మానకండి.

• 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం కులం, మతం, సంస్కృతి పేరుతో వివక్ష లేకుండా వైద్యం పొందడం మీ హక్కు. జబ్బు గురించి మీకు అర్థమయ్యే భాషలో చెప్పించుకోవడమూ మీ హక్కే. రోగిని గొలుసులతో కట్టేయడం నిషేధం.

• భాష ఇబ్బంది ఉంటే ఆశా కార్యకర్తను తోడు తీసుకెళ్లండి. ఊళ్లో తెలిసిపోతుందన్న భయం ఉంటే ఆ మాట ముందే చెప్పండి. మీ వివరాలు గోప్యంగా ఉంచడం వైద్యుల బాధ్యత.

• బతకాలని లేదన్న ఆలోచన వస్తున్నా, ఇంట్లో ఎవరైనా అలా మాట్లాడుతున్నా వారిని ఒంటరిగా వదలకండి. టెలిమానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు.

వందేళ్ల కిందట ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టినప్పుడు ఉన్నత చదువంతా ఉర్దూలో చెప్పడానికి ఏకంగా ఒక అనువాద సంస్థనే నడిపారు. ఊళ్లలో ఎక్కువమంది మాట్లాడే భాషకు అప్పుడు చోటు దొరకలేదు గానీ, దేశభాషలో శాస్త్రం చెప్పడం సాధ్యమేనని హైదరాబాద్ అప్పుడే చూపింది. ఈసారి పని అంతకన్నా చిన్నదే. కొన్ని వందల మాటలు సేకరించాలి, కొన్ని పదుల మంది తండా, పెంట, నేతవాడ బిడ్డలను ప్రతి ఏడూ ఈ వృత్తిలోకి తేవాలి. పాఠ్యప్రణాళికలు అచ్చుకు వెళ్లకముందే ఆ పని మొదలుకావాలి. ఒకసారి అచ్చయిన పాఠం మళ్లీ మారడానికి మన దగ్గర చాలా ఏళ్లు పడుతుంది.